మహమ్మారి వెనుక కూలిధర



కోతలనాడు కూలీలు దొరకకున్న ఆసామి పాట్లెట్లుండునో మీకు నేను చెప్పనక్కరలేదు. పండిన చేను గింజ రాల్చుచుండును. పడమట మబ్బు పట్టుచుండును. పొరుగూరి ఆసామి నాలుగు రూక లెక్కువ చూపి మన మనుష్యులను గట్టు దాటించుకొని పోవుచుండును. ఒక యూరిలో ఒక కారున వచ్చు నీ యిబ్బందియే ఖండమంతటను నూరేండ్లపాటు నిలిచినచో లోకమేమగును? ధాన్యమునకు గాక మనుష్యులకే కరవు వచ్చినచో ఎవరు బాగుపడుదురు? ఎవరు చెడుదురు? ఇది యూహకు వేసిన ప్రశ్న కాదు. క్రీస్తుశకము 1347 మొదలు 1353 వరకు ఆసియా, ఆఫ్రికా, ఐరోపా ఖండములలో చెలరేగిన ప్లేగు మహమ్మారి యట్టి కరవునే తెచ్చినది. తరువాతి కాలపు ఐరోపావారు దానికి నల్లచావు అని పేరిడిరి. నేడు నేను దాని రోగలక్షణములను విస్తరించి చెప్పను. అది దాటిపోయిన పిమ్మట కూలిధరకును, భూమికిని, రాజ్యముల వర్తకమునకును పట్టిన గతిని గూర్చి ముచ్చటించెదను.

అది పుట్టిన తావును గూర్చి మాత్రము రెండు మాటలు. మధ్య ఆసియాలో, నేడు కిర్గిజిస్థానమనబడు దేశమున, ఇస్సిక్ కుల్ అను పెద్ద సరస్సు కలదు. దాని దాపున పాత క్రైస్తవుల గోరీలు కొన్ని యున్నవి. 1338, 1339 సంవత్సరములలో ఆ గోరీల సంఖ్య యొక్కసారిగా పెరిగినది. కొన్ని రాళ్లపై, మృతులు మహమ్మారి వాతబడిరని సిరియా లిపిలో చెక్కబడియున్నది. 2022వ సంవత్సరమున పండితులు ఆ గోరీలలోని మనుష్యుల పండ్లనుండి ప్లేగు క్రిమి యానవాళ్లు తీసి, ఐరోపాను పాడుచేసిన క్రిమికి అది మూలపురుషుని వంటిదని ప్రకటించిరి. ఆ క్రిమిని 1894లో హాంకాంగు నగరమున యెర్సిన్ అను వైద్యుడు గుర్తించెను. ఎలుకలనంటి బ్రతుకు కుట్టుపురుగువలన అది మనుష్యులకు సోకునని 1898లో కరాచీలో పనిచేయుచు సిమోన్ అను ఫ్రెంచి వైద్యుడు కనుగొనెను. 1896 తరువాత ప్లేగు సోకిన మన దక్కను పల్లెలలో ఎలుక రాలినంతనే జనము ఇండ్లు విడిచి ఊరి వెలుపల పాకలు వేసికొనిరి. 14వ శతాబ్దపు ఐరోపావారికి ఆపాటి యెరుకయు లేదు. గాలి చెడినదని కొందరు, గ్రహములు కూడినవని కొందరు చెప్పుకొనిరి.

మహమ్మారి నడచిన దారి వర్తకుల దారియే. నల్లసముద్రపు టొడ్డున కఫా అను రేవు జినోవా నగర వర్తకుల వశమున నుండెను. మంగోలు సేనలు దానిని ముట్టడించినప్పుడు ఆ సేనలో రోగము చెలరేగినదనియు, వారు శవములను యంత్రములతో కోటలోనికి విసరిరనియు ఒక ఇటలీ లేఖకుడు వ్రాసెను. అతడు కన్నులార చూచి వ్రాసినట్లు తోచదు గనుక ఆ కథను నేను గట్టిగా చెప్పను. శవములు విసరకున్నను ఎలుకలకు కోటగోడ యడ్డము గాదు గదా! ఆ రేవులనుండి గోధుమలు, తోళ్లు, బానిసలు నెక్కించుకొని యోడలు బయలుదేరినవి. 1347లో కాన్‌స్టాంటినోపిలు, ఆ అక్టోబరున సిసిలీ ద్వీపములోని మెస్సీనా, ఆ శరదృతువుననే ఈజిప్టులోని అలెగ్జాండ్రియా రోగము పాలయినవి. 1348లో వెనిసు, ఫ్లోరెన్సు, పారిసు, లండను, దమాస్కసు, కైరో. 1353 నాటికి మాస్కో. ఐరోపాలో మూడవ వంతు మొదలు సగమువరకు జనము నశించిరని చరిత్రకారుల యంచనా. ఇటలీలోని సియెనా నగరమువారు తమ పెద్ద గుడిని లోకమంతటిలో గొప్పదానిని చేయవలెనని గోడలు లేపుచుండిరి. 1348లో ఆ పని యాగిపోయినది. కప్పులేని ఆ మొండిగోడ యిప్పటికిని అట్లే నిలిచియున్నది.

భయము మనుష్యులను రెండు విధముల నడపినది. మొరాకో దేశపు యాత్రికుడు ఇబ్న్ బతూతా 1348లో దమాస్కసున నుండెను. అచ్చట ముసల్మానులు, యూదులు, క్రైస్తవులు తమ తమ గ్రంథములను చేతబట్టుకొని, పెద్దలనక పిల్లలనక వీధులకు వచ్చి దేవుని ప్రార్థించిరని అతడు వ్రాసి పెట్టెను. మరుసటి యేడు ఫిబ్రవరి 14వ తేదీన స్ట్రాస్‌బర్గు నగరమున బావులలో విషము కలిపిరన్న యపనింద మోపి వందలకొలది యూదులను సజీవముగా దహించిరి. ఆ ఘోరము జరుగునాటికి ప్లేగు ఆ నగరమునకు ఇంకను చేరనేలేదు.

ఇక కూలిధర మాట. ఇంగ్లండు దేశమును చూతము, ఏలయనగా అచ్చటి జమాఖర్చు చిట్టాలు పెక్కు నిలిచియున్నవి. మహమ్మారికి ముందు ఆ దేశమున జనము కిక్కిరిసి, భూమి చాలక, కూలి చౌకగా నుండెను. రైతులలో పెక్కురు ప్రభువుల భూమిని విడిచిపోరాని వెట్టిరైతులు. వారు వారములో కొన్ని దినములు ప్రభువు పొలమున ఉచితముగా పని చేయవలెను. కూతురి పెండ్లికి ప్రభువునకు రుసుము చెల్లించవలెను. 1348, 1349 సంవత్సరములలో సుమారు సగము జనము పోయిరి. చేలున్నవి, పశువులున్నవి, నాగళ్లున్నవి. పట్టు చేతులు లేవు. మిగిలినవాడు వెల యడుగసాగెను. నిన్నటిదాక వంగి నమస్కరించినవాడు నేడు గడప బయట నిలిచి, ఎంత యిచ్చెదవని యడుగుచున్నాడే యని ప్రభువులు గుండె బాదుకొనిరి.

వారు చేసిన పని వినుడు. రోగమింకను పూర్తిగా తగ్గకమునుపే, 1349 జూనులో రాజు మూడవ ఎడ్వర్డు ఒక శాసనము చేసెను. 60 ఏండ్లకు లోబడిన, వేరు జీవనాధారము లేని స్త్రీ పురుషులందరు పిలిచినచోట పని చేయవలెను. మహమ్మారికి ముందు, 1346 ప్రాంతమున నున్న కూలికి మించి పుచ్చుకొనరాదు. 1351లో పార్లమెంటు దానిని మరింత బిగించి మరియొక చట్టము చేసినది. గడ్డి ఆరబోయువారికి దినమునకు ఒక పెన్నీ. పంట కోయువారికి ఆగస్టు మొదటి వారమున 2 పెన్నీలు, రెండవ వారమున 3. కూలీలు తమ పనిముట్లను చేతబట్టుకొని సంతయూరికి వచ్చి బహిరంగముగా నిలువవలెను. చాటుమాటున బేరము కుదుర్చుకొనరాదు. 1361లో చేసిన చట్టమున పని విడిచి పారిపోయిన వాని నుదుట కాల్చి ముద్ర వేయవచ్చునని గూడ వ్రాసికొనిరి. 1363లో ఎవరెట్టి బట్ట కట్టవలెనో, నౌకరులు దినమునకెన్నిమార్లు మాంసము తినవలెనో నిర్ణయించుచు ఇంకొక చట్టము! అది కొలదికాలమునకే రద్దయినది. చట్టము చేసిన వారందరు భూస్వాములు. చట్టము నమలుచేయు న్యాయాధికారులును వారే, లేక వారి బంధువులే.

అయినను కూలిధర పెరిగినది. చట్టము నోడించినది కూలీలు మాత్రమే కాదు, ఆ చట్టమును కోరిన భూస్వాములే. ఎట్లనగా, ప్రతి భూస్వామియు పొరుగువాడు చట్టమునకు లోబడవలెనని కోరును గాని, తన గోధుమ చేను రాలిపోవుచుండగా తాను లోబడడు. చిట్టాలో కూలి 3 పెన్నీలని వ్రాసి, చాటున ధాన్యమో, మధ్యాహ్న భోజనమో, పొలములో ఒక ముక్కయో ఇచ్చి మనిషిని నిలుపుకొనెను. ఇట్టి చిట్టాలను చదువునప్పుడు నాకు నవ్వు వచ్చును. లోకమున దొంగలెక్క పుట్టినది నిన్న మొన్న గాదు. నార్ఫోకు మండలమున సెడ్జ్‌ఫర్డు అను గ్రామమున్నది. అచ్చట కోతకూలీలకు పెట్టిన తిండి లెక్కలు రెండు శతాబ్దముల పొడుగున దొరకినవి. 13వ శతాబ్దమున వారికి ముఖ్యాహారము బార్లీ రొట్టె. మాంసము పేరునకు మాత్రమే. 15వ శతాబ్దము వచ్చునప్పటికి గోధుమ రొట్టె, తాజా మాంసము, పుష్కలముగా బార్లీ మద్యము! ఆ శతాబ్దపు నడిమికి ఇంగ్లండులో కూలివాని కూలి, దానితో వచ్చు తిండిగింజల లెక్కన చూచినచో, మహమ్మారికి ముందున్నదానికి సుమారు రెట్టింపయినది. దున్నువారు లేని భూములను ప్రభువులు గొర్రెల మేతకు విడిచిరి, ఉన్ని పెరిగినది, ఉన్నితో నేతపని పెరిగినది. అంతకు ముందు ఉన్నినే యెగుమతి చేయుచుండిన దేశము క్రమముగా బట్టను అమ్మజొచ్చినది.

ఇది శాంతముగా జరిగినదనుకొనవలదు. ఫ్రాన్సుతో సాగుచుండిన యుద్ధము ఖర్చునకై 1377లో తలకు 4 పెన్నీల పన్ను వేసిరి. 1380లో దానిని 12 పెన్నీలు చేసిరి. 1381 వేసవిలో కెంటు, ఎసెక్సు మండలముల రైతులు లండనుపై నడచిరి. నాయకుడు వాట్ టైలరు. బోధకుడు జాన్ బాల్ అను మతగురువు. వారు కూలిచట్టమును తీసివేయుమనిరి, వెట్టిని మాన్పుమనిరి. రాజు రెండవ రిచర్డునకు అప్పటికి 14 ఏండ్లు. అతడు జూను 14వ తేదీన ఎదుటికి వచ్చి వెట్టి మాన్పితినని పత్రములు వ్రాయించి యిచ్చెను. మరునాడు స్మిత్‌ఫీల్డు మైదానమున రాజు నెదుటనే వాట్ టైలరును చంపిరి. కొలది దినములకే రాజు ఆ పత్రములను రద్దుపరచెను. రైతులు ఓడిరి. కాని వెట్టి మాత్రము మరల నిలువలేదు. తరువాతి నూరేండ్లలో, ఏ చట్టమును దానిని తీసివేయకయే, అది తనంతట తాను కరగిపోయినది. కోపముతో లండనుపై నడచిన వారికంటె, రాత్రికి రాత్రి మూట కట్టుకొని ఎక్కువ కూలి యిచ్చు ఊరికి నడచిపోయిన పేరులేని కుటుంబములే ఆ పనిని ఎక్కువగా చేసినవని నా యభిప్రాయము.

ఇంతవరకు విని, మహమ్మారి పేదల పాలిటి దేవత యని మీలో నెవరైన ననుకొందురేమో. తొందరపడవలదు. కూలీలు తక్కువైనంత మాత్రమున కూలి పెరుగునని సూత్రము లేదు. ఐరోపా తూర్పుభాగమున, పోలండు, ప్రష్యా, రష్యా దేశములలో, కథ యెదురు నడచినది. అచ్చటను మనుష్యులు విరళము, భూమి విస్తారము. కాని అచ్చటి ప్రభువులు తమలో తాము పోటీపడక, రాజును తమ చేతిలో నుంచుకొని, రైతును భూమికి కట్టివేయగలిగిరి. 1520లో పోలండున ప్రతి రైతును వారమున కొక దినమైన వెట్టి చేయవలెనని చట్టమయినది. తరువాత ఆ దినములు పెరుగుచు పోయినవి. 1649లో రష్యా చట్టము పారిపోయిన రైతును ఎన్ని యేండ్లకైన పట్టితేవచ్చుననెను. అచ్చట వెట్టి పోయినది 1861లో. ఆ వెట్టితో పండిన పోలండు ధాన్యమును డాన్‌జిగ్ రేవు మీదుగా ఆమ్‌స్టర్‌డాము వర్తకులు కొనుచుండిరి. పడమట స్వేచ్ఛగల కూలివాడు తిను రొట్టె తూర్పున వెట్టివాడు పండించినదయ్యెను. దీనికంతకును ప్లేగు ఒక్కటియే కారణమని చెప్పుట తగదు. నడుమ రెండు శతాబ్దములు గడచినవి. అయినను ఒకే కొరత రెండు దేశములలో రెండు ఫలముల నిచ్చుటను మనము మరువరాదు.

మీవంటి వ్యవసాయము తెలిసిన పెద్దలకు వీటికంటెను ఆలోచింపదగినది ఈజిప్టు కథ. ఆ దేశమున వాన లేదు. నైలు నదియే ప్రాణము. ఆ కాలమున ఏటేట వేసవి చివర నది పొంగుచుండెను. ఆ నీటిని కట్టలు వేసి మడుగులలో నిలిపి, నేల నానిన పిమ్మట విడిచి, బురదలో విత్తనములు చల్లుచుండిరి. పెద్ద కట్టలు సుల్తానువి. వాటికి సుల్తానీ కట్టలని పేరు. ఊరి కట్టలు బలదీ కట్టలు. వాటిని ఊరివారే యేటేట పూడిక తీసి, గండ్లు పూడ్చి కాపాడవలసియుండెను. మన చెరువులకు కుడిమరామత్తు ఎట్టిదో అదియు నట్టిదే.

ఇప్పుడు సగము జనము పోయిరనుకొనుడు. వాననమ్మిన ఇంగ్లండులో మిగిలిన సగము జనము సగము భూమిని, అందును మేలైన సగమును, దున్నుకొని సుఖముగా బ్రతుకగలరు. కట్టనమ్మిన ఈజిప్టులో అట్లు సాగదు. సగము కట్టను కాపాడుట యనునది లేదు. ఒకచోట గండి పడినచో నీరంతయు పోవును. ఒక కాలువ పూడినచో దాని క్రింది యూళ్లన్నియు ఎండును. పది యూళ్ల మనుష్యులు చేయు పనిని ఐదూళ్లవారు చేయవలసివచ్చెను, చేయలేకపోయిరి. దానికి తోడు అచ్చటి భూములు మామ్లూకు సేనానుల జాగీరులు. ఆ జాగీరులు వంశపారంపర్యము గావు, నేడొకనికి, రేపొకనికి. జాగీరుదారు కైరోలో కాపురముండును. తన యూరిని కన్నులార చూచి యెరుగడు. పదేండ్ల తరువాత తనది కాబోని భూమికి కట్ట వేయించునంతటి వెర్రివాడెవడు? శిస్తు తగ్గినకొలది మిగిలిన రైతులనుండి పిండిరి. పిండినకొలది రైతులు పట్టణములకు పారిపోయిరి. విడిచిన పొలములలో ఎడారి దిమ్మరుల మందలు మేసినవి. 1364లో కైరోలో జన్మించిన మక్రీజీ అను చరిత్రకారుడు తన కాలపు కరవులకు దైవమును గాక పాలకుల లంచగొండితనమును, రైతులపై వేసిన భారమును, చెడిన నాణెమును కారణములుగా చూపెను. ఆ కాలమున అట్లు వ్రాయుటకు గుండె కావలెను.

భూమి శిస్తు తగ్గిన సుల్తాను వేరొక ఆదాయమునకై వెదకెను. అది మిరియములలో దొరకెను. మన మలబారు తీరపు మిరియాలు అరబ్బు యోడలపై ఎర్రసముద్రమునకు, అచ్చటినుండి కైరోకు, అలెగ్జాండ్రియాకు పోయి, వెనిసు వర్తకుల చేతికి చేరి ఐరోపా యంతట వ్యాపించుచుండెను. 1422 మొదలు 1438 వరకు ఏలిన సుల్తాను బర్స్‌బాయి ఆ వర్తకమును తన గుత్తగా చేసికొని, తాను చెప్పినదే ధర యని శాసించెను. ఐరోపాలో కూలివాని చేతికి గూడ నాలుగు కాసులు వచ్చి, రుచిగల వస్తువులకు గిరాకి పెరుగుచున్న కాలమది. సుల్తాను ద్వారము దాటకుండ మిరియాల దేశమును చేరు దారి యేదైన నున్నచో ఎంత లాభమో పడమటివారికి తెలిసినది. పోర్చుగీసువారు ఆఫ్రికాను చుట్టి 1498లో కళ్లికోట చేరిరి. 1510లో గోవా పట్టిరి. బలహీనమైన మామ్లూకు రాజ్యమును 1517లో తురుష్కులు మ్రింగిరి. పోర్చుగీసుల వెనుక డచ్చివారు, ఇంగ్లీషువారు వచ్చిరి. 1611లో ఇంగ్లీషు వర్తకులు మన మచిలీపట్నమున దిగిరి. ఎలుక కుట్టుటవలననే వాస్కో డ గామా వచ్చెనని నేననను. అట్లనినచో చరిత్ర కట్టుకథ యగును. పోర్చుగీసులను నడపినవి మతద్వేషము, బంగారపు టాశ, ఓడల నిర్మాణములో నేర్పు మొదలగునవి యింకను కలవు. కాని నైలు కట్టలు తెగకున్నచో సుల్తానునకు మిరియాల గుత్త అంత యవసరము కాకపోయెడిదని చరిత్రకారులు కొందరు తలంచుటలో న్యాయమున్నది.

రాజ్యములు ఒండొరుల యోడలను చూచు చూపును గూడ మహమ్మారియే మార్చినది. 1377 జూలైలో అడ్రియాటిక్ తీరపు రాగూసా నగరము, ప్లేగున్న దేశములనుండి వచ్చువారు 30 దినములు వెలుపల నుండిన గాని నగరమున కాలుపెట్టరాదని శాసించెను. పిదప ఆ గడువు 40 దినములయినది. ఇటలీ భాషలో నలుబది యను మాటనుండియే క్వారంటైను పుట్టినది. 1423లో వెనిసువారు ఒక ద్వీపమున ప్లేగు రోగులకు ప్రత్యేకాలయము కట్టించిరి. వర్తకముతో బ్రతుకు నగరములే వర్తకము నాపు కట్టడిని ముందుగా కనిపెట్టుట వింతగా తోచవచ్చును గాని, రేవుమీద నపనమ్మకము పుట్టినచో ఆ రేవునకు ఓడలు రావని వారెరుగుదురు.

ఆ కట్టడి మన మెడకును చుట్టుకొన్నది. 1896లో బొంబాయిలో ప్లేగు పుట్టగానే ఐరోపా రాజ్యములు మన సరకులకు తమ రేవులు మూయుదుమని బెదరించినవి. 1897 ఫిబ్రవరిలో వెనిసు నగరముననే దానిపై రాజ్యముల సభ కూడినది. ఆ నెలలోనే ఇండియా ప్రభుత్వము అంటువ్యాధుల చట్టమును హడావిడిగా చేసినది. ఆ చట్టపు బలముతో పూనాలో సైనికులు ఇండ్లు దూరి సోదాలు చేసిరి. జూనులో ప్లేగు అధికారి రాండును చాపేకర్ సోదరులు కాల్చిరి. 2020 మార్చిలో కరోనా రోగమును అడ్డుటకు స్వతంత్ర భారతమున రాష్ట్రప్రభుత్వములు తీసి ప్రయోగించినదియు ఆ 1897 నాటి చట్టమే.

ఆ సంవత్సరము పట్టణములలో పని పోయిన కూలీలు రైళ్లు లేక వందల మైళ్లు నడచుట మీ రెరుగుదురు. అప్పటికి కొరత పనికే గాని పనివారికి గాదు. అయినను మే నెలలో కర్ణాటక ప్రభుత్వము, ఇండ్లు కట్టు గుత్తదారులతో మాటాడిన పిమ్మట, కూలీలను స్వస్థలములకు చేర్చు రైళ్లను నిలిపివేసెను. లోకము ఛీకొట్టగా రెండు దినములలో మరల నడిపెను. గుజరాతు ప్రభుత్వము ఏప్రిలులో, ఫ్యాక్టరీలలో దినమునకు 12 గంటలు పని చేయించుకొనవచ్చుననియు, అదనపు గంటలకు రెట్టింపు కూలి యక్కరలేదనియు ఉత్తరువు చేసెను. 2020 అక్టోబరు 1వ తేదీన సుప్రీంకోర్టు ఆ యుత్తరువును కొట్టివేసి, చేసిన గంటలకు చట్టప్రకారము కూలి చెల్లింపుమని తీర్పు చెప్పినది.